సగం జీతం కాగితం

నేను ఫుట్‌బాల్ ఆడినవాణ్ణి కాదు. ఆడేవాళ్ళ కోసం నేల మీద గీతలు గీసినవాణ్ణి. పాల్వంచ పక్కన ఒక క్లబ్బులో తొమ్మిదేళ్ళు గ్రౌండ్ పని చేశాను. గడ్డి కోయడం, సున్నం గీతలు గీయడం, గోల్ వలల చిరుగులు కుట్టడం, ఆట అయ్యాక డ్రస్సులు ఉతకడం, మేకల్ని తరమడం. అన్నిటికంటే కష్టమైంది మేకల్ని తరమడం. మిగతావాళ్ళకు విజిల్ వేస్తే అర్థమయ్యేది.

మీరు చదువుకున్న పిల్లలు. ఉద్యోగంలో చేరే ముందు కంపెనీవాళ్ళిచ్చిన కాగితాలు పట్టుకొని నా దగ్గరకు వస్తున్నారు, "తాతా, నువ్వొక్కసారి చూడు" అని. డిగ్రీ చదివినవాడు నలభై ఎనిమిదేళ్ళకు అ ఆలు దిద్దినవాడి దగ్గరకు ఎందుకొస్తాడో నాకు తెలుసు. ఏ కాగితమైనా అక్షరం వదలకుండా చదువుతానని నాకు పేరు. ఆ పేరు వల్లనే పద్దెనిమిది మందికి ఏడు నెలల పాటు సగం జీతం పోయింది. అదెట్లా జరిగిందో రాస్తున్నాను. చదివిన తర్వాత కూడా నా దగ్గరకే వస్తామంటే మీ ఇష్టం.

మా ఛైర్మన్ గారిది ఖమ్మంలో మిర్చి వ్యాపారం. వాళ్ళ తాతల నాడు కోస్తా నుంచి వచ్చి ఇటువైపు భూములు కొన్నారు. ఒకనాడు టీవీలో ఆట చూస్తుంటే ఆయనకు తానూ ఒక జట్టు పెట్టాలని బుద్ధి పుట్టింది. క్రికెట్ జట్టు కొనాలంటే ఆయన డబ్బు చాలదు. కబడ్డీ అంటే తన పొలంలో కూలీలు కూడా ఆడతారు, అది ఆయనకు నామోషీ. ఫుట్‌బాల్ అయితే ఒక్క బంతితో పని అయిపోతుంది, కొంచెం విదేశీ వాసన కూడా వేస్తుంది. అట్లా మాది ప్రొఫెషనల్ క్లబ్బు అయింది.

ప్రొఫెషనల్ అంటే ఏమిటని కోచ్‌ను అడిగితే, "నెల నెల జీతమిస్తరు పెద్దన్నా" అన్నాడు. ఆ లెక్కన మొదటి మూడేళ్ళు మా జట్టు ఐదో తారీఖుకల్లా ప్రొఫెషనల్ అయ్యేది. తర్వాత ఇరవయ్యో తారీఖుకు అయ్యేది. ఆ తర్వాత నెల మారాక ఎప్పుడో అయ్యేది.

క్లబ్బుకు రాబడి ఎక్కడిదంటారా? గోడల మీద ఫ్లెక్సీలు. ఒకటి విత్తనాల కంపెనీది, ఒకటి కోచింగ్ కాలేజీది. టికెట్ కొని వచ్చేవాళ్ళ కంటే గోడ దూకి వచ్చేవాళ్ళే ఎక్కువ. వాళ్ళను ఆపబోతే ఛైర్మన్ గారే వద్దన్నారు. "రానీయవయ్యా, ఫోటోలో జనం కనపడాలి కదా" అన్నారు.

ఆయన అల్లుడు మేనేజరు. హైదరాబాదులో పెద్ద చదువు చదివాడు. మేనేజరంటే ఊరుకునేవాడు కాదు, మూడు ఇంగ్లీషు అక్షరాల పదవి ఒకటి చెప్పి అట్లాగే పిలవమనేవాడు. నేను అప్పటికే యాభై ఆరు అక్షరాలు కష్టపడి నేర్చుకొని ఉన్నాను, ఇంకో మూడు నావల్ల కాదని మేనేజర్ సార్ అనే పిలిచాను.

ఇక గోల్‌కీపర్. భద్రాచలం దాటి అడవిలోకి పోతే వచ్చే ఒక కోయగూడెం వాడిది. చిన్నప్పుడు అన్న చెట్టెక్కి తునికిపళ్ళు విసిరితే ఒక్కటి కూడా నేల తాకకుండా పట్టేవాడట. మా దగ్గర బంతినీ అట్లాగే పట్టేవాడు. ఇరవై నాలుగేళ్ళ మనిషి. వాడి జీతం మీద ఖమ్మంలో చెల్లెలి నర్సు చదువు నడిచేది. నాకు అంకెలు బాగా వచ్చింది ఆటగాళ్ళ చొక్కాల మీద నుంచే. వాడిది ఒకటో నంబరు, నేను నేర్చిన మొదటి అంకె.

అక్షరాలు నేర్పింది మా చర్చి పాస్టరమ్మ. ఆదివారం ఆరాధన అయ్యాక చిన్నపిల్లల పక్కన కూర్చోబెట్టి దిద్దించింది. అప్పటి నుంచి కనపడిందల్లా వేలు పెట్టి చదివేవాణ్ణి. బస్సు టికెట్ వెనక ఉన్నది చదివేవాణ్ణి. మందు సీసా మీద ఉన్నది చదివేవాణ్ణి. సున్నం బస్తా చదువుతుంటే కోచ్ ఒకసారి, "గా బస్తాకు డిగ్రీ ఇయ్యాలె, గింత శ్రద్ధగ ఎవ్వరు చదివిండ్రు దాన్ని!" అన్నాడు. నేను మురిసిపోయాను.

అట్లా ఉండగా కరోనా వచ్చింది. ఆట ఆగింది. నన్ను ఆగమని ఎవరూ చెప్పలేదు గనక వారానికొకసారి గీతలు గీస్తూనే ఉన్నాను. ఆడేవాళ్ళు లేని గ్రౌండు ఎంత ముచ్చటగా ఉంటుందో అప్పుడే చూశాను. గీతల్ని తొక్కేవాడు లేడు, ఇది గీతేనా అని పోట్లాడేవాడు లేడు.

నెల తిరక్కుండానే ఆ గ్రౌండంతా ఎర్రబడింది. మిర్చి కోతల కాలమది. మార్కెట్ యార్డు మూసేశారు, కోల్డ్ స్టోరేజీలు నిండిపోయాయి. ఛైర్మన్ గారి మిర్చి లారీల్లో మా గ్రౌండుకు దిగింది. ఒక గోల్ నుంచి ఇంకో గోల్ దాకా పరిచారు. రెండు రోజులాగి పక్క సేట్ల మిర్చి కూడా వచ్చింది. దానికి మేనేజరు బస్తాకింత అని వసూలు చేశాడు. ఊళ్ళకు పోలేక క్లబ్బు ఇచ్చిన కాలనీ గదుల్లో చిక్కుకుపోయిన ఆటగాళ్ళకు పొద్దున్నే మిర్చి తిరగదోసే పని పెట్టి, దానికి ఫిట్‌నెస్ అని పేరు పెట్టాడు. మాస్కుల వల్ల అందరికంటే ఎక్కువ లాభపడిన ఫుట్‌బాల్ జట్టు ప్రపంచంలో మాదే అయి ఉంటుంది. రోగం సంగతి దేవుడెరుగు, ఆ ఘాటుకు మాస్కు లేకపోతే పొద్దున్నే పోయేవాళ్ళం.

ఒక ఉదయం ఛైర్మన్ గారు అందర్నీ పిలిపించారు. మిర్చి మధ్యలో టేబుల్ వేయించి, చుట్టూ దూరం దూరంగా మమ్మల్ని నిలబెట్టారు.

"చూడండయ్యా, లోకమంతా కష్టంలో ఉంది. క్లబ్బుకు పైసా రాబడి లేదు. విదేశాల్లో కోట్లు తీసుకునే ఆటగాళ్ళే తమంతట తాము జీతాలు తగ్గించుకుంటున్నారు. మనం వాళ్ళకంటే తక్కువా?"

"జీతంలనైతె తక్కువే సార్," అన్నాడు గోల్‌కీపర్ వెనక నుంచి. మాస్కుల లోపల అందరూ నవ్వారు. బయటికి కళ్ళే కనబడ్డాయి గనక ఛైర్మన్ గారు దాన్ని కన్నీళ్ళు అనుకున్నారు.

"అదీ! మనమంతా ఒక కుటుంబం. పరిస్థితి చక్కబడేదాకా సగం జీతం. అల్లుడు కాగితం తయారు చేయించాడు. పెద్ద పెద్ద క్లబ్బులు రాసుకున్నట్టే రాయించాడు."

కోట్లు తీసుకునేవాడి జీతం సగం కోస్తే ఇంకో ఇల్లు కొనడం ఆలస్యమవుతుంది. మావాళ్ళ జీతం సగం కోస్తే నెలలో పదిహేను రోజులు పొయ్యి ఆలస్యమవుతుంది. ఈ మాట అప్పుడు నాకు తోచలేదు. ఇప్పుడు రాస్తుంటే తోచింది. గొప్ప మాటలన్నీ సంతకం అయ్యాకే తోస్తాయి.

మేనేజరు కాగితాలు టేబుల్ మీద పరిచి నా వైపు చెయ్యి చూపించాడు. "ఫస్ట్ పెద్దాయన చదివి సైన్ చేయాలి. ఆయన చదివితే మనమంతా చదివినట్టే."

అందరూ తలలూపారు. నేను చొక్కా సర్దుకొని టేబుల్ దగ్గరకు పోయాను. చత్వారం కళ్ళద్దాలు పెట్టుకొని కాగితం మీదికి వంగాను. ఊపిరి మాస్కు పైనుంచి అద్దాల మీదికి కొట్టింది. అద్దాలు తెల్లబడ్డాయి. తుడిచి పెట్టుకున్నాను, మళ్ళీ తెల్లబడ్డాయి. అద్దాలు తీస్తే మిర్చి ఘాటుకు కళ్ళు కారుతున్నాయి. మాస్కు తీస్తే మేనేజరు రెండు అడుగులు వెనక్కు దూకుతాడు. కాగితంలో నల్లటి చీమలబారు తప్ప ఏమీ కనపడలేదు.

ఒక్క మాట అంటే అయిపోయేది: నాకు కనపడ్తలేదు, ఎవరన్నా పైకి చదవండి. అది అనలేకపోయాను. చదివేవాడని పేరున్న మనిషిని నలుగురి మధ్య నిలబెట్టారు. మొదటి వరుస కింద వేలు పెట్టి నెమ్మదిగా జరిపాను. రెండో వరుస, మూడో వరుస. మాస్కు లోపల పెదవులు కూడా కదిలించాను. కదిలించకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. నటన అలవాటు లేనివాడు అవసరానికి మించి నటిస్తాడు.

కోచ్ పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు. "ఏముంది పెద్దన్నా అండ్ల?"

"అంత సక్రమంగనే ఉంది," అన్నాను.

సంతకం పెట్టాను. నా సంతకం నాకు చాలా ఇష్టం, కింద ఒక గీత కూడా గీస్తాను. గీతలు గీసేవాణ్ణి కదా. నా తర్వాత కోచ్ పెట్టాడు, కోచ్ తర్వాత పద్దెనిమిది మంది ఆటగాళ్ళూ పెట్టారు. గోల్‌కీపర్ పెట్టి పోతూ నా వైపు చూసి తలూపాడు, నువ్వు చూశావు కదా, ఇంకేం భయం అన్నట్టు.

నెల తిరిగాక సగం జీతం వచ్చింది. అది కూడా నెలాఖరుకు. ఆ తర్వాత బియ్యం బస్తాలొచ్చాయి. మేనేజరు ఆలోచన అది. పది కిలోల సంచుల మీద ఆటగాళ్ళ ఫోటోలు అచ్చు వేయించాడు. "మా జీతంలో సగం మీ కోసం" అని కింద ఎర్ర అక్షరాలు. లారీలో భద్రాచలం దాకా పోయి గూడేల్లో పంచారు. పేపర్లో ఫోటో పడింది, అందులో సంచి పట్టుకొని ఛైర్మన్ గారు ఉన్నారు. సంచి మీద మా గోల్‌కీపర్ బంతి కోసం గాల్లోకి ఎగురుతున్నాడు. మావాళ్ళ దగ్గర కోసిన జీతమంతా ఎన్ని సంచులైందో నాకు తెలియదు. ఒక్క లారీతో అయిపోయేంత అయితే కాదు.

ఆ రోజుల్లో చావులు కూడా ఉన్నాయి, వాటి మీద వేళాకోళం రాయను. మా పాస్టరమ్మ ఆ వానాకాలంలోనే జ్వరం వచ్చి ఖమ్మం దవాఖానాలో పోయింది. సమాధి దగ్గరికి నలుగుర్నే రానిచ్చారు. నేను గేటు బయట నిలబడి గోడ మీద రాసిన పేర్లు చదువుకుంటూ ఉన్నాను.

వానలకు ముందే మిర్చి ఎత్తేశారు, బస్సులు తిరగడంతో ఆటగాళ్ళు ఇళ్ళకు పోయారు. వానలు తగ్గుముఖం పట్టాక గోల్‌కీపర్ నుంచి ఫోన్ వచ్చింది.

"తాతా, మంచిగున్నవా? హైదరాబాద్ నుంచి ఒక క్లబ్బోళ్ళు రమ్మన్నరు. జీతం ఈడి దానికి రెండింతలంట. మనోళ్ళు విడుదల కాగితం ఇస్తెనే తీసుకుంటరు."

"పో మరి బిడ్డా! ఇంక చూసుడేంది?"

"మేనేజర్ సార్ ఇయ్యనన్నడు. సగం జీతం కాగితంల నాలుగో నంబర్ల రాసుందంట. క్లబ్బు కోలుకునేదాక ఎవ్వడు ఏడికి పోవద్దని. గట్లనే ఉందా తాతా?"

"ఉంటె ఉండొచ్చు," అన్నాను.

"ఉండొచ్చేంది తాతా? నువ్వు చదివినవ్ గదా! నువ్వు చదివినవనే గద మేం పెట్టినం. శనివారం లోపల ఆడ కనపడకపోతె ఇంకొకణ్ణి తీసుకుంటరంట."

"హలో... హలో... సిగ్నల్ లేదు బిడ్డా," అని పెట్టేశాను.

మా ఆవిడ బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే అడిగింది. "సిగ్నల్ మంచిగనే ఉన్నది గద. ఎవ్వనికి చెప్తున్నవ్ అబద్ధం?"

చెప్పాను. అద్దాలు, ఆవిరి, మిర్చి ఘాటు అన్నీ చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టింది. "గింత చిన్న ముచ్చట గిన్ని నెలలు కడుపుల పెట్టుకున్నవా? పోయి చెప్పు. ఫోన్ల గాదు. ముఖం చూపించి చెప్పు."

"మాస్కు ఉంటది గదనే."

"తీసి చెప్పు."

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు భద్రాచలం పోయి, అక్కడి నుంచి ఆటోలో, ఆపైన కాలినడకన గూడెం చేరాను. ఊరి దారికి అడ్డంగా వెదురు బొంగులు కట్టి ఉన్నాయి. బయటి మనిషిని లోపలికి రానివ్వడం లేదు. రోగం రాకుండా వాళ్ళు చేసుకున్న కట్టుబాటది. మన ఊళ్ళల్లో గేట్లు వేసుకున్నాం గానీ ఇంత నిక్కచ్చిగా లేము. కాపలా కుర్రాళ్ళకు చెబితే గోల్‌కీపర్‌నూ వాళ్ళమ్మనూ పిలుచుకొచ్చారు.

సన్నగా తుంపర పడుతోంది. వాళ్ళమ్మ ఖాళీ సంచి ఒకటి తల తడవకుండా కొప్పెరలాగా మడిచి నెత్తిన వేసుకొని వచ్చింది. అది ఆ బియ్యం సంచే. కొడుకు ఆమె నెత్తి మీద బంతి కోసం ఎగురుతున్నాడు, కొడుకే పక్కన చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. ఆమె కొడుకుతో వాళ్ళ భాషలో ఏదో అని, బొంగులకు అటువైపు నుంచి నాతో తెలుగులో మాట్లాడింది.

"బియ్యం మంచియే ఇచ్చిండ్రన్నా. నా కొడుకు జీతంల నుంచే ఇచ్చిండ్రంట. ఆ పైసలు వానికే ఇస్తె వాడు నాకు పంపకపోవునా? నడుమ లారీ ఎందుకు?"

దీనికి జవాబు మేనేజరు చదివిన పెద్ద చదువులో ఉంటుందేమో. మాస్కు కిందికి లాగాను. "చెల్లె, ఆ కాగితం నేను చదవలేదు. కనపడలే. కనపడ్తలేదని చెప్పనీకి సిగ్గయింది. చదివినట్టు చేసి సంతకం పెట్టిన."

గోల్‌కీపర్ తిట్టినా బాగుండేది. పక్కకు తిరిగి బొంగుకు కట్టిన తాడు ముడి చూస్తూ నిలబడ్డాడు.

వాళ్ళమ్మ అంది. "నాకు సదువు రాదన్నా. తునికాకు కట్టలు కొనే కల్లం కాడ వేలుముద్ర పెట్టమంటె ముందుగాల అడుగుత, ఇండ్ల ఏం రాసినవ్ సదివి చెప్పు అని. ఒకపాలి చెప్తె ఊకోను, రెండుపాలీలు చెప్పిచ్చుకుంట. కల్లపోడు తిట్టినా అడుగుత. నీకు సదువొచ్చింది, అడుగుడు పోయింది."

నిజం చెబుతున్నాను, అప్పటికీ ఇప్పటికీ నన్ను ఇంతకంటే గట్టిగా ఎవరూ కొట్టలేదు. వేలిముద్ర వేసే రోజుల్లో నేనూ అడిగేవాణ్ణి. కాంట్రాక్టు కూలీగా ఉన్నప్పుడు, "నీకు చదివి వినిపించనీకి నేనేమన్న పంతులునా?" అని మేస్త్రీ కసిరినా కదలకుండా నిలబడి అడిగేవాణ్ణి. అక్షరాలొచ్చాక అడగడం చిన్నతనమైంది.

"తాతా," అన్నాడు గోల్‌కీపర్ చివరికి. "ఇప్పుడు చదువుతవా?"

"కాగితం ఆఫీసుల ఉంది బిడ్డా."

"ఏడనన్న ఉండనీ. చదువుతవా, చదవవా?"

"చదువుత."

ఆ శుక్రవారమే ఛైర్మన్ గారు అందర్నీ గ్రౌండుకు రమ్మన్నారు. జనం లేకుండా మళ్ళీ ఆటలు మొదలుపెడతారట, ఆ సంగతి చెప్పడానికి. పొద్దున్నే గీతలు కొత్తగా గీశాను. మధ్య గుండ్రం గీయడానికి మా దగ్గర పది గజాల తాడుంటుంది. నడిమి మేకుకు కట్టి, కొస పట్టుకొని చుట్టూ తిరిగితే గుండ్రం వస్తుంది. అందర్నీ ఆ గుండ్రం గీత మీద నిలబడమన్నాను. నేను నడిమి చుక్క మీద నిలబడ్డాను. ఎటు చూసినా పది గజాలు. అప్పుడు మాస్కు తీసి జేబులో పెట్టుకున్నాను.

"ఏమయ్యా, నువ్వేంటి మధ్యలో?" అన్నారు ఛైర్మన్ గారు.

"సార్, ఒక తప్పు ఒప్పుకోవాలె. సగం జీతం కాగితం ఆ రోజు నేను చదవలే. అద్దాలకు ఆవిరి పట్టింది. సిగ్గుకు సంతకం పెట్టిన."

కోచ్ నెత్తి పట్టుకున్నాడు. "అయ్యో పెద్దన్నా! నువ్వు చదివినవనే గద నేను పెట్టింది!"

"మీరు పెట్టిండ్రనే గద సార్ మేం పెట్టినం," అన్నారు ఆటగాళ్ళు.

ఛైర్మన్ గారు అటూ ఇటూ చూశారు. "ఇంతమంది పెట్టారు కదా అని నేనూ పెట్టాను. అల్లుడూ, నువ్వు చదివావుగా?"

మేనేజరు మాస్కు సర్దుకున్నాడు. "ఒక పెద్ద ఫారిన్ క్లబ్బుది తీసుకొని ఖమ్మంలో తెలుగు చేయించాను మామయ్యా. ఇంపార్టెంట్ పాయింట్స్ చూశాను. నాలుగు వరకు."

ఇరవై రెండు సంతకాలున్న కాగితం. చదివినవాడు ఒక్కడూ లేడు. ఏడు నెలలు మమ్మల్ని ఏలింది.

"తెప్పించండి సార్, చదువుత," అన్నాను. మిగతావాళ్ళు తెప్పించమని గోల చేశారు. మేనేజరు ఆఫీసుకు పోయి తెచ్చి, గడ్డి మీద పెట్టి వెనక్కు పోయాడు.

వేలు పెట్టి పైకి చదవడం మొదలుపెట్టాను. పావుగంటకు ఒకటో నంబరు అయింది. ఛైర్మన్ గారు చేతి గడియారం చూసుకున్నారు. "కాస్త త్వరగా కానీవయ్యా."

"నాకొచ్చేది గింతే సార్. జల్దీ చదివితె మళ్ళ మొదటి కథే అయితది."

నాలుగో నంబరు వచ్చింది. "క్లబ్బు కోలుకొనువరకు క్రీడాకారుడు ఇతర క్లబ్బునకు పోరాదు." మేనేజరు కళ్ళు నవ్వాయి. "చెప్పానా? ఇక చాలు పెద్దాయనా." గోల్‌కీపర్ తల దించుకున్నాడు. అయినా నా వేలు ఐదో నంబరు కిందికి పోయింది. కాగితం అక్కడితో ఆగలేదు కదా.

ఐదో నంబరు: "మంచు తుఫాను కారణమున మైదానము మూసివేసిన దినములకు వేతనపు కోత లేదు."

గుండ్రం మీద నిలబడ్డవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "పాల్వంచల మంచేడిది తాతా?" అన్నాడొకడు. "కరెంటు ఫ్యాక్టరీ చిమ్నీల బూడిద రాలుతది గద, అది లెక్కలకొస్తదా?"

ఆరో నంబరు ఏదో ఓడరేవులో హోటల్ ఖర్చుల గురించి. ఏడో నంబరు చదివి ఆగాను. మళ్ళీ మొదటి నుంచి చదివాను. "ఆటలు ఆగిన కాలమున మైదానము వలన వచ్చు ఏ ఆదాయమైనను మొదట క్రీడాకారుల వేతనమునకే చెల్లవలెను. అట్లు చెల్లించనిచో ఈ ఒప్పందము రద్దగును. క్రీడాకారుడు తన ఇష్టము వచ్చిన క్లబ్బునకు పోవచ్చును."

అందరి కళ్ళూ నేల వైపు పోయాయి. గడ్డి మొదళ్ళలో మిర్చి గింజలు ఇంకా ఉన్నాయి.

"అది మైదానం ఆదాయం కాదయ్యా," అన్నారు ఛైర్మన్ గారు. "మిర్చి ఆదాయం."

కోచ్ తొమ్మిదేళ్ళలో ఆయనకు ఎదురు మాట్లాడింది ఆ ఒక్కసారే. "మిర్చి ఎండింది ఏడ సార్?"

"ఇక్కడే. అయితే?"

"పక్క సేట్ల మిర్చి గూడ ఈడనే ఎండింది," అన్నాను. "నేనే కాపలా ఉన్న."

"అది పార్కింగ్ ఛార్జీ," అన్నాడు మేనేజరు.

"మిర్చి పార్కింగా సార్?" అన్నాడు గోల్‌కీపర్. "మరి దాన్ని మాతోని ఎందుకు తిప్పిచ్చిండ్రు?"

నవ్వని వాళ్ళు ఇద్దరే. ఛైర్మన్ గారు మాత్రం వ్యాపారి. బేరం చెడిందని అందరికంటే ముందు తెలిసేది వ్యాపారికే. అల్లుడి వైపు ఒక చూపు చూశారు. ఆ చూపును తెలుగు చేయించాల్సిన పని లేదు. "ఎవరెవరు వెళ్తారు?" అన్నారు.

గోల్‌కీపర్ చెయ్యెత్తాడు. ఆ తర్వాత ఇంకో ఆరుగురు. వాళ్ళను పిలిచినవాళ్ళెవరూ లేరు, చెయ్యెత్తడం బాగుందని ఎత్తారు. విడుదల కాగితం మీద ఛైర్మన్ గారు అక్కడికక్కడే సంతకం పెట్టారు. ఈసారి చదివి పెట్టారు. మూడు వరుసల కాగితాన్ని మూడు సార్లు చదివారు.

కోసిన జీతం ముచ్చట కూడా చెప్పాలి. చేతిలో డబ్బు లేదన్నారు. ఒక్కొక్కరికి రెండు బస్తాల మిర్చి ఇస్తానన్నారు. కొందరు తీసుకున్నారు. నేను తీసుకోలేదు. మా ఆవిడ ఇప్పటికీ కారం కొన్నప్పుడల్లా తిడుతుంది.

మరుసటి నెల నన్ను రిటైర్ చేశారు. పెద్ద వయసు, రోగాల కాలం, మీ ఆరోగ్యమే మాకు ముఖ్యమన్నారు. నా ఆరోగ్యం మీద వాళ్ళకు అంత ప్రేమ ఉందని తొమ్మిదేళ్ళుగా నాకు తెలియనే తెలియదు. క్లబ్బు ఇంకో రెండు ఆటలాడి మూతపడింది. ఆ గ్రౌండు ఇప్పుడు మిర్చి కల్లం. ఇప్పుడే అది పూర్తి ప్రొఫెషనల్‌గా నడుస్తోందని విన్నాను.

పిల్లలూ, నేను మంచి పని చేశానని ఇది రాయలేదు. నేను చదివినట్టు నటించిన పది నిమిషాలకు పద్దెనిమిది మంది ఏడు నెలలు సగం తిన్నారు. ఏడో నంబరు ఆ కాగితంలో ఉండటం నా గొప్పతనం కాదు. మేనేజరు బద్ధకం.

గోల్‌కీపర్ ఆ శుక్రవారం సాయంత్రం బస్సుకే హైదరాబాదు పోయాడు. శనివారం పదకొండు గంటలకు ఫోన్ వచ్చింది.

"తాతా, కాగితం ఇచ్చిండ్రు. పన్నెండు పేజీలుంది."

"చదివినవా?"

"మూడో పేజీల ఉన్న. ఏందో బీమా అని రాసిండ్రు, అర్థం గాలే."

"అడుగు."

"అడిగిన. చెప్పిండు. ఇంకోసారి చెప్పుమన్న." గొంతు తగ్గించాడు. "ఆఫీసాయన పెన్ను పట్టుకొని నెత్తి మీదనే నిలబడ్డడు తాతా. ఊకె గడియారం చూస్తుండు."

"నిలబడనీ," అన్నాను.